రేగడిలో బండి, మంచులో జిప్సీ

మంట దగ్గరికి జరుగు అబ్బోడా, ఇంకో కట్టె ఎగదోయి. జనవరిలో థార్ వేసుకొని మనాలి దాటి లాహౌల్‌కు పోతానంటివి. పో, నేను వద్దనను. ఆ టైర్ల మాట మటుకు నాకు మింగుడు పడలేదు. ఇంకా వెడల్పువి, పెద్ద పెద్ద గడ్డలుండే బురద టైర్లు వేయిస్తే మంచు ఏం చేస్తాదంటివే, దాని మీద నేను చెప్పాల్సింది శానా ఉంది.

ముందు మన నేల గురించి విను. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ, చాగలమర్రి దాకా కుందూ పొడుగునా నల్లరేగడే. ఎండాకాలం కాలు దూరేంత నెర్రెలిస్తాది, వానకు ఉబ్బి జిగట అయితాది. నా చిన్నప్పుడు చేల దారుల్లో ఇనప పట్టా బండ్లే ఉండె. చక్రం మనిషి రొమ్ము దాకా వస్తాది గానీ పట్టా మూడు వేళ్ల వెడల్పు కూడా ఉండదు. తొలి వాన పడి పైన జానెడు మెత్తనై, అడుగున గట్టిగా ఉన్న దినాల్లో ఆ సన్న పట్టా బురదను కోసుకుంటా పోయి కింద గట్టినేలను పట్టుకుంటాండె. తర్వాత టైరుబండ్లు వచ్చె. రోడ్డు మీద ఎద్దులకు ఎంత సుఖమో చెప్పలేను. అదే దారిలో మటుకు టైరుబండి పై బురద మీదనే పక్కకు జారతాండె. మల్ల ముసురు పట్టి నేల అడుగుదాకా నానితే కథ తిరగబడేది. పట్టా బండి ఇరుసు దాకా కూరుకపోతే, టైరుబండే కొంచెం నయం.

మా నాయన వాన పడిన తెల్లారి బండి కట్టే ముందర ములుకోల తీసుకొని పోయి దారిలో గుచ్చేటోడు. అది యాడ ఆగిందో చూసినాకే ఏ బండి కట్టాలో చెప్పేటోడు. ఎంత దిగినా ఆగకపోతే ఆ దినం ఎద్దులను గాటిపాటనే ఉంచేటోడు. నేను పట్టాళంలో డ్రైవరుగా చేరి కార్గిల్, ద్రాస్ దిక్కు పోయినప్పుడు నా పనికొచ్చిన మొదటి చదువు అదే.

అప్పట్లో మా దగ్గర జోంగాలు ఉండె. జబల్‌పూర్ ఫ్యాక్టరీలో చేసిన బరువైన బండ్లు. తర్వాత 1991 నుంచి మారుతి జిప్సీలు పట్టాళానికి రాబట్టె. చిన్న బండి, తూకం టన్నుకు అటూ ఇటూ. సన్న టైర్లు. పెట్రోలు ఇంజను కాబట్టి చలికి డీజిల్ గడ్డకట్టే బాధ లేదు. దాన్ని చూసి నవ్విన కొత్త పిల్లలు ఒక చలికాలం గడిచినాక దాని తాళాల కోసం పోట్లాడుకునేటోళ్లు.

మంచంటే ఒకటే రకం అనుకుంటాండావు. కాదు నాయనా. రాత్రి పడిన కొత్త మంచు జానెడు లోపల ఉంటే, అడుగున రోడ్డు గట్టిగానే ఉంటాది. దానికి సన్న టైరే మేలు, కోసుకొని రోడ్డు దాకా దిగుతాది. మోకాలు దాటిన లోతు మంచులో అడుగు దొరకదు. అప్పుడు వెడల్పు కావాల, గాలి తగ్గించి టైరును పరిచి మంచు మీద తేలాల. నీ మాదిరి రోడ్డు పట్టుకొని పోయేటోనికి ఈ రెండో కత అరుదు. దారి తీసేటోళ్లు బుల్డోజర్లతో తోసినాక మిగిలేది తొక్కుడుపడిన మంచు, దాని మీద పేరుకొన్న నున్నని ఐసు. అందుకే కంపెనీ వేసిచ్చిన వెడల్పు దాటొద్దంటాండ.

ఇంగ ఆ బురద టైర్ల సంగతి. రేగడిలో టైరుకు ఉండాల్సిన గుణం, పట్టిన మట్టిని విదిలించుకోవడం. గాడి నిండిపోతే టైరు నున్నని ముద్దయి అక్కడే తిరుగుతాది. దానికే ఆ గడ్డల మధ్య అంత ఎడం. మంచులో కావాల్సింది దానికి ఎదురు. గాడిలో మంచు ఇరుక్కొని నిలవాల, ఎందుకంటే మంచును బాగా పట్టుకునేది మల్ల మంచే. అందుకే మంచు టైరు గడ్డల మీద కత్తితో గీసినట్టు సన్న సన్న చీలికలు శానా ఉంటాయి. బురద టైరు గడ్డ మీద అవి తక్కువ, ఐసు మీద పట్టు దొరకదు. రబ్బరు గూడ వేరే. మన ఎండలకు చేసిన రబ్బరు ఏడు డిగ్రీల కిందికి పోతే బిరుసెక్కడం మొదలుపెడతాది. చలి టైరు రబ్బరు ఆ చలిలో గూడ మెత్తగానే ఉంటాది. కొనేటప్పుడు టైరు పక్క గోడ మీద చూడు: మూడు శిఖరాల కొండ, దాని లోపల మంచుపువ్వు బొమ్మ ఉంటే మంచు మీద పరీక్ష చేసిన టైరు. ఉత్త ఎం ప్లస్ ఎస్ అని రాసుంటే అది గాడుల తీరు చూసి కంపెనీ వేసుకొనే గుర్తే. ఆ బొమ్మున్న టైరు ఇక్కడ దొరక్కపోతే ఆల్ టెర్రెయిన్ టైర్లే ఉంచుకొని చెయిన్లు పెట్టుకో.

గాలి సంగతి మరవొద్దు. చలికి ప్రతి అయిదారు డిగ్రీలకు ఒక పాయింటు పడిపోతాది. ఆళ్లగడ్డలో ముప్పై డిగ్రీల ఎండలో 30 పెట్టించుకొని పోతే, అక్కడ మైనస్ పదిలో ఒక్క చలికే ఆరేడు పాయింట్లు పోతాయి, పంచరు లేకుండానే. పొద్దున్నే బండి తీయకముందు గేజీ పెట్టి చూడు.

నడపడం అంటావా, అహోబిలంలో పావన నరసింహస్వామి గుడికి అడివిలో జీపులు తోలేటోళ్ల కాళ్లు ఒకసారి గమనించు. రాళ్ల మీద, గుంతల్లో క్లచ్చు మీద తొక్కులాట ఉండదు. ఒకటో గేరు, లో రేంజి, ఇంజనే బండిని ఆపి ఆపి దించుతాది. మంచు దిగుడులో నువ్వు చేయాల్సింది అదే. నాలుగు చక్రాలూ లాగితే బండి కదులుతాది గానీ ఆగడానికి అది అక్కరకు రాదు. బ్రేకు అన్ని బండ్లకూ నాలుగు చక్రాలకే. ఏబీఎస్ ఉంది గదా జేజినాయనా అంటావు. అది స్టీరింగు చేతిలో ఉంచుతాది, నిజమే. వదులు మంచు మీద ఆగే దూరం ఇంకా పెరుగుతాది గూడ. ముందు బండికి ఇక్కడ ఇడిసే ఎడానికి మూడింతలు ఇడువు. నాలుగు చక్రాల గేరు ఎండిన తారు మీద వేసుకొని తిరగొద్దు, ముందూ వెనకా చక్రాలు ఒకదాన్నొకటి లాక్కొని పళ్లు అరుగుతాయి.

నీడపట్టు మలుపులు, వంతెనలు, మధ్యాహ్నం కరిగి రోడ్డు మీద పారిన నీళ్లు, వీటి దగ్గర జాగ్రత్త. పొద్దు వాలితే ఆ నీళ్లే కంటికి కనపడని ఐసు అయితాయి. రాత్రి నిలబెట్టేటప్పుడు హ్యాండుబ్రేకు వేయొద్దు, తడి బ్రేకులు గడ్డకట్టి అతుక్కుంటాయి. గేరులో ఉంచి చక్రాలకు రాళ్లు పెట్టు.

ద్రాస్‌లో బుఖారీ పొయ్యి చుట్టూ కూర్చున్నప్పుడు మా పెద్ద హవల్దారు ఒక ముచ్చట మళ్లీ మళ్లీ చెప్పేటోడు. 1948లో, ద్రాస్ దిక్కు పోయే దారిలోని జోజిలా కనుమ శత్రువు చేతిలో ఉంది. పదకొండు వేల అడుగులకు పైన. అక్కడికి ట్యాంకు వస్తాదని ఎవరూ ఊహించలేదు. పట్టాళంలో దారులు వేసే మద్రాసు సాపర్లు, మన దక్షిణాది బిడ్డలు, బాల్తాల్ నుంచి కంచరగాడిదల బాటను ట్యాంకు పట్టేంత వెడల్పు చేసిరి. నవంబరు 1న మంచు పడతాండంగానే, జనరల్ తిమ్మయ్య ముందు నిలబడి ఏడో క్యావల్రీ స్టువర్ట్ ట్యాంకులను ఎక్కించె. కనుమ మన చేతికి వచ్చె. ఆ మాట విన్న ప్రతిసారీ నాకు ఒళ్లు జలదరిస్తాండె. ట్యాంకు ఎక్కినాదని చెప్పుకుంటారు అందరూ. దాని కంటే ముందు ఆ చలిలో పార, గునపం పట్టుకొని అడుగు గట్టిచేసినోళ్లు ఉన్యారు, వాళ్లను గూడ తలుచుకో.

బండిలో ఒక పార, లాగే తాడు, ఇసక మూట పెట్టుకో. చెయిన్లు నాలుగు చక్రాలకూ ఉంటే మంచిది. ఒక జతే ఉంటే నీ బండి మామూలుగా లాగేది వెనక చక్రాలతో కాబట్టి వాటికే కట్టు. కట్టినాక కొంచెం దూరం పోయి దిగి మల్ల బిగించు. ముప్పై దాటి తోలొద్దు, తారు కనపడంగానే తీసేయి. అక్కడ పోయినాక నేర్చుకుందాంలే అనుకోకు, వేళ్లు కొంకర్లు పోయినప్పుడు కొక్కెం పడదు. చెయిన్లు తెప్పించు. కళ్లంలో బండి నిలబెట్టి, చేతులకు గ్లౌజులు వేసుకొని, చీకట్లో కట్టి చూపించు నాకు. లైటు నేను పట్టుకుంటా.