నాలుగు పూతల డ్రెస్సరు

అమెరికాలో అపార్ట్‌మెంట్లలో ఉన్నవాళ్ళకి నెలాఖరు అంటే జీతమొక్కటే కాదు. లీజు అయిపోయి ఖాళీ చేసేవాళ్ళు సోఫాలు, కుర్చీలు, టేబుళ్ళు చెత్తకుండీ పక్కన పెట్టేసి వెళ్ళిపోతారు. మనవాళ్ళు చీకటి పడ్డాక వెళ్ళి వాటిల్లో పనికొచ్చేవి ఇంటికి మోసుకొచ్చుకుంటారు. ఇండియాకి ఫొటోలు పంపేటప్పుడు మాత్రం అవెక్కడివో చెప్పం. "సోఫా బావుంది, ఎంతయింది?" అని అత్తగారు అడిగితే దగ్గొస్తుంది.

2006 ఏప్రిల్ నెలాఖర్లో న్యూజెర్సీలో నేనూ అలాగే ఒక డ్రెస్సరు తెచ్చాను. డ్రెస్సరంటే మన అద్దం బల్ల కాదు లెండి, ఆరు సొరుగులున్న బట్టల బల్ల. అసలు సిసలు చెక్క. ఇద్దరం మోస్తే గానీ కదల్లేదు. పైన తెల్ల రంగు పెచ్చులూడి ఉంది, ఒక సొరుగుకి పిడి లేదు. అప్పటికి మా అమ్మాయికి ఏడాదిన్నర. "ఏమండీ, దీనికి కాస్త రంగేస్తే దాని బట్టలన్నీ ఇందులో పట్టేస్తాయి" అంది మా ఆవిడ. సరే అన్నాను. ఆఫీసులో నేను చేసేదీ అదే కదా, ఇరవయ్యేళ్ళ నాటి కోడు మీద కొత్త స్క్రీన్లు అతికించడం.

మే నెల లాంగ్ వీకెండ్‌కి ఇంకో కుటుంబంతో కలిసి కేప్ కాడ్ వెళ్ళాం. మాసచూసెట్స్ రాష్ట్రం చెయ్యి మడిచి సముద్రంలో పెట్టినట్టుంటుంది మ్యాపులో. ఆ చేతి పిడికిలి దగ్గరుండే ఊరు ప్రావిన్స్‌టౌన్. అక్కడొక పాత సామాన్ల కొట్లో చిన్న చెక్క కుర్చీ కనిపించింది. ఎర్ర రంగు మీద హృదయాలు, పువ్వులు, రెండు పిట్టలు. పిల్లలు వేసినట్టే ఉంది. ధర చూసి చీటీ మీద సున్నా ఒకటి ఎక్కువ పడిందేమో అనుకున్నాను. "అది పీటర్ హంట్ కుర్చీ" అన్నాడు కొట్టువాడు, ఆ పేరు తెలియని మనిషి ఉంటాడా అన్నట్టు. నాకు తెలీదు. ఇంటికొచ్చాక లైబ్రరీలో వెతికి చదివితే తెలిసింది, చెత్తకుండీ పక్కనుంచి సామాను తెచ్చుకుని రంగులేసేవాళ్ళందరికీ ఈయన గురువులాంటివాడని.

అసలు పేరు ఫ్రెడరిక్ లో ష్నిట్జర్. 1896లో పుట్టాడు, మా న్యూజెర్సీవాడే. పీటర్ హంట్ అనేది తనకి తాను పెట్టుకున్న పేరు. పేరొక్కటే కాదు, తను గొప్ప వంశంవాడినని చెప్పుకోడానికి పుట్టుక గురించి కూడా కథలల్లుకున్నాడు. అంటే పాత బల్లల కంటే ముందు తనకే కొత్త రంగు వేసుకున్నాడన్నమాట! 1920లలో ప్రావిన్స్‌టౌన్ చేరాడు. పోర్చుగల్ నుంచి వలస వచ్చిన జాలర్లు, న్యూయార్క్ నుంచి వచ్చే చిత్రకారులు, నాటకాలవాళ్ళు కలిసి బతికే ఊరది. అక్కడే కొట్టు పెట్టాడు.

అప్పట్లో పాత విక్టోరియన్ సామానంటే ఎవరికీ గిట్టేది కాదు. నల్లటి వార్నీషు, మీద చెక్కిన నగిషీలు, ఎత్తలేనంత బరువు. అటకల మీదా చెత్తదిబ్బల మీదా ఊరికే పడి ఉండేది. ఆయన దాన్ని కారుచవకగా కొని, అక్కర్లేని నగిషీలు కోసేసి, యూరప్ పల్లెటూళ్ళలో పెళ్ళి పెట్టెల మీద వేసే పూలూ పిట్టలూ వేయించి అమ్మాడు. "వేయించి" అని ఎందుకన్నానంటే, పని పెరిగాక ఊళ్ళో కుర్రపిల్లలకి నేర్పి వాళ్ళ చేత వేయించేవాడు. వాళ్ళలో నాన్సీ వోర్ఫ్ తర్వాత పేరున్న చిత్రకారిణి అయింది. కొట్టున్న చోటుకి 'పెజంట్ విలేజ్' అని పేరు పెట్టుకున్నాడు. న్యూయార్క్‌లోని పెద్ద దుకాణాలు కూడా ఆయన సరుకు అమ్మాయి.

ఇక్కడిదాకా ఇది ఒక తెలివైన వ్యాపారి కథే. రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక మారింది. కలప, ఇనుము, పనివాళ్ళు అన్నీ యుద్ధానికే. కొత్త సామాను దొరకడం కష్టమైపోయింది. ఇంగ్లండులో అయితే మరీను. 1942లో మొదలైన యుటిలిటీ పథకం కింద, కొత్త కుర్చీ కొనుక్కునే పర్మిట్ ఇవ్వడంలో కొత్తగా పెళ్ళయినవాళ్ళకీ బాంబులకి ఇల్లు పోయినవాళ్ళకీ ముందు చోటిచ్చేవాళ్ళు. అమెరికాలో అంత ఇబ్బంది లేకపోయినా, ఉన్నదాన్నే బాగుచేసుకోవడం దేశభక్తి కిందకి వచ్చింది. సరిగ్గా అప్పుడే డ్యూపాంట్ రంగుల కంపెనీ పీటర్ హంట్‌ని పట్టుకుంది. ఆయన పద్ధతుల్ని బొమ్మలతో చూపిస్తూ 'ట్రాన్స్‌ఫార్మాజిక్' అని ఒక చిన్న పుస్తకం వేసింది. పాత వాష్‌స్టాండ్‌ని ఎలా మార్చాలి, ఏ రంగు మీద ఏ రంగు నప్పుతుంది, బ్రష్షుతో ఒక్క విసురులో ఆకు ఎలా వస్తుంది, ఇలాంటివి. 1945లో ఆయన వర్క్‌బుక్ కూడా వచ్చింది. దాన్ని అచ్చేసింది జిఫ్-డేవిస్ అని చూడగానే నవ్వొచ్చింది. మా తరం ప్రోగ్రామర్లు పడీ పడీ చదివిన పీసీ మ్యాగజైన్‌ని తర్వాత కొనుక్కుని నడిపింది ఆ కంపెనీయే.

నాకు నచ్చిందేమిటంటే, ఈయన మీకు బొమ్మలు రాకపోయినా ఫర్లేదన్నాడు. ఈయన వల్ల ఎంతోమంది ఇల్లాళ్ళు కుంచె పట్టారు. యాభైల్లో మోజు తగ్గింది. ఆయన ప్రావిన్స్‌టౌన్ వదిలి ఆర్లీన్స్ అనే ఊరికి వెళ్ళి, 1967లో చనిపోయాడు. ఆయన చేతి సామాను ఇప్పుడు పురావస్తువు!

ఇదంతా చదివి నాకు పూనకమొచ్చింది. జూన్‌లో ఒక శనివారం డ్రెస్సరుని బాల్కనీలోకి లాగి, సాండ్‌పేపర్ పట్టి రుద్దడం మొదలెట్టాను. తెలుపు కింద లేతాకుపచ్చ. దాని కింద పసుపు. దాని కింద మళ్ళీ తెలుపు, గట్టిగా, మందంగా, ఎంత రుద్దినా వదలదు. ఒక్కో పూత బయటపడుతుంటే ఒక్కో కుటుంబాన్ని చూస్తున్నట్టుంది. ఈ ఆకుపచ్చ వేసినావిడ కూడా డ్యూపాంట్ పుస్తకం చూసే వేసిందేమో అనుకుని మురిసిపోయాను. బాల్కనీ తలుపు తీసే ఉంది. మా అమ్మాయి గడప మీద కూర్చుని, నేల మీద పడ్డ పొడిలో వేలితో సున్నాలు చుడుతోంది.

గుంటలు పూడ్చే లప్పం అయిపోతే హార్డ్‌వేర్ షాపుకి వెళ్ళాను. కౌంటర్లో పెద్దాయన ఏం చేస్తున్నావని అడిగితే గర్వంగా చెప్పాను. "ఆ బల్ల ఎప్పటిది?" అన్నాడు. తెలీదన్నాను. "అడుగున తెలుపుందా?" ఉందన్నాను. ఏమీ మాట్లాడకుండా ఒక చిన్న ప్యాకెట్ చేతిలో పెట్టాడు. సీసం ఉందో లేదో చూసే పుల్ల. రంగు మీద రుద్దితే, సీసం ఉంటే ఎర్రబడుతుంది.

ఎర్రబడింది.

ఆ తర్వాత చదివిన చరిత్ర నేను కావాలని చదివింది కాదు. తెల్ల సీసం అనేది వందల ఏళ్ళుగా రంగులకి ప్రాణం. చెక్కని బాగా పట్టుకుంటుంది, నీటిని ఆపుతుంది, ఒక్క పూతతో కిందిదాన్ని కప్పేస్తుంది. పసుపు రంగుకి లెడ్ క్రోమేట్. దాంట్లో నీలం కలిపితే ఆకుపచ్చ. అంటే నా డ్రెస్సరు మీది పూతల్లో దేన్నీ నమ్మడానికి లేదు. అలాగని ఇది విషమని ఎవరికీ తెలియదా అంటే, తెలుసు. 1904లోనే ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్‌లో లాక్‌హార్ట్ గిబ్సన్ అనే కంటి డాక్టరు, పిల్లల జబ్బుకి కారణం వరండా కమ్మీల మీది రంగేనని చెప్పాడు. 1914లో బాల్టిమోర్‌లో జాన్స్ హాప్‌కిన్స్ డాక్టర్లు థామస్, బ్లాక్‌ఫాన్ ఒక అయిదేళ్ళ పిల్లాడి కేసు రాశారు. వాడు తన మంచం కమ్మీల మీది తెల్లరంగు కొరికి తిని చనిపోయాడు. 1921లో జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇళ్ళ లోపలి రంగుల్లో తెల్ల సీసం వాడకూడదని ఒప్పందం చేసింది. అమెరికా దాన్ని ఆమోదించలేదు. పైగా 1923లో డచ్ బాయ్ రంగులమ్మే నేషనల్ లెడ్ కంపెనీ పిల్లల కోసం రంగులేసుకునే పుస్తకం వేసింది. దాని పేరు చూడండి, 'డచ్ బాయ్స్ లెడ్ పార్టీ'!

బాల్టిమోర్ నగరం 1951లో ఇళ్ళ లోపల ఈ రంగుల్ని ఆపింది. 1955లో రంగుల పరిశ్రమ, పిల్లల బొమ్మలకీ ఇంటి లోపలికీ వాడే రంగుల్లో సీసం ఒక శాతం దాటకూడదని తనకి తాను నియమం పెట్టుకుంది. చట్టం కాదు, నియమం. దేశమంతటా ఇళ్ళకీ, బొమ్మలకీ, సామానుకీ నిషేధం వచ్చింది 1978లో. మొదటి డాక్టరు చెప్పిన డెబ్భై నాలుగేళ్ళకి. పీటర్ హంట్ పుస్తకాలు చూసి జనం పిల్లల ఉయ్యాలలకీ కుర్చీలకీ రంగులేసుకున్న రోజులన్నీ ఈ మధ్యలోనివే. ఆయన్ని అనడానికి లేదు, డబ్బా మీద ఏం రాస్తే అదే ఆయనకీ తెలిసేది. డబ్బా మీద రాయాల్సినవాళ్ళు రాయలేదు.

ఇంకో సంగతి. రంగు ఊరికే ఉంటే దాని ప్రమాదం తక్కువ. పొడి చేస్తేనే ఎక్కువ. ఆ శనివారం నేను నాలుగు గంటలు కూర్చుని చేసింది అచ్చంగా అదే.

సోమవారం మా అమ్మాయిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి రక్త పరీక్ష చేయించాం. రిపోర్టు వచ్చేదాకా మా ఆవిడ నాతో మాట్లాడలేదు, నేనూ కదిలించలేదు. డెసీలీటరుకి 4 మైక్రోగ్రాములు అని వచ్చింది. 10 దాటితేనే కంగారు పడాలి, ఇది నార్మలే అన్నాడు డాక్టరు. ఇంటికొచ్చి పాయసం చేసుకున్నాం. 2012లో అమెరికా సీడీసీ ఆ పదిని తీసేసి 5 చేసింది. 2021లో 3.5 చేసింది. పాయసం తిన్న పదిహేనేళ్ళకి మా నార్మల్ పోయింది. అమ్మాయి ఇప్పుడు కాలేజీలో ఉంది, బాగానే చదువుతోంది. అప్పుడప్పుడు ఏదైనా మర్చిపోతే మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుంటాం.

అమెరికా కథ కదా, మనకెందుకు అనుకోకండి. మా ఊళ్ళో సంక్రాంతి ముందు నాన్న ఇనప మంచానికీ ట్రంకు పెట్టెలకీ ఆకుపచ్చ ఎనామిల్ వేసేవాడు. మళ్ళీ సంక్రాంతి లోపల అది పెచ్చులూడేది, ఆ పెచ్చుల్ని గోళ్ళతో లేపడం మా పిల్లలందరికీ సరదా. రంగంటిన చేతులు కిరసనాయిలుతో కడుక్కుని, ఆ చేతులతోనే అన్నం తినేవాళ్ళం. నేను డ్రెస్సరు రుద్దిన 2006లోనే సిన్సినాటి విశ్వవిద్యాలయం పరిశోధకులు భారత్, చైనా, మలేషియాల్లో అమ్ముతున్న కొత్త రంగుల్ని పరీక్షించి, అందులో ఎక్కువ భాగం అమెరికా పరిమితిని దాటాయని రాశారు. పాత రంగులు కాదు, అప్పుడే కొట్లో కొన్నవి. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నియమాలు 2016లో వచ్చి, 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చాయి. అంటే ఇప్పుడు మీ ఇంట్లో మూల పడున్న మంచానికో బీరువాకో రంగేద్దామనుకుంటే, కొత్త డబ్బా ఒక్కటే కాదు సమస్య. రుద్దే ముందు కింద ఏముందో చూసుకోండి. తెలియకపోతే పొడిగా రుద్దకండి, తడిపి రుద్దండి, పిల్లల్ని అటు రానివ్వకండి. అసలు రుద్దకుండా వదిలేసినా తప్పు లేదు.

డ్రెస్సరు ఏమైందో చెప్పలేదు కదూ. బాల్కనీ అంతా తడిగుడ్డలతో మూడుసార్లు తుడిచి, దానికి ప్లాస్టిక్ షీటు చుట్టి, మీద మార్కరుతో పెద్ద అక్షరాలతో "సీసం రంగు, తీసుకోవద్దు" అని ఇంగ్లీషులో రాసి మంగళవారం రాత్రి చెత్తకుండీ పక్కన పెట్టాను. మా దగ్గర పెద్ద సామాను తీసుకెళ్ళే బండి గురువారం గానీ రాదు. బుధవారం పొద్దున ఆఫీసుకి వెళ్తూ చూస్తే ప్లాస్టిక్ షీటు ఒక్కటే నేల మీద పడి ఉంది.