మృగమాంసమును నూఱి వండుట: వేసవార శబ్ద విచారము

సంస్కృత నిఘంటువులందు ‘వేసవార’ శబ్దమునకు సంబారమను అర్థమే ప్రధానముగా కాననగును. అమరసింహుడు వైశ్యవర్గమున దీనిని ‘ఉపస్కర’ శబ్దముతో జేర్చి చెప్పినాడు. ధనియములు, జీలకఱ్ఱ, మిరియములు మున్నగువానిని దంచి కూరలందు జల్లు పొడి యని దీని తాత్పర్యము. కావ్యపాఠకున కీ యర్థము చాలును. వైద్యగ్రంథములను జదువునప్పుడు మాత్ర మిది చాలదు. అచ్చట వేసవారము కనబడిన ప్రతి తావునను ‘సంబారము’ అని తెలిగించినచో మూలము చెప్పు వంటకమే మాయమగును.

సుశ్రుతసంహిత సూత్రస్థానము 46వ అధ్యాయమున దీని లక్షణము స్పష్టముగా జెప్పబడినది. ఎముకలు తీసిన మాంసమును మొదట బాగుగ నుడికింపవలెను. పిదప రాతిపై నూఱవలెను. అందు పిప్పళ్లు, శొంఠి, మిరియములు, బెల్లము, నేయి చేర్చి అన్నిటిని గలిపి మరల పక్వము చేయవలెను. ఇట్లు సిద్ధమైనది వేసవారము. ఇందు సంబారము ఒక యంగము మాత్రమే, ద్రవ్యము మాంసము. ఆ ప్రకరణముననే సన్నముగ తఱిగిన మాంసమునకు ఉల్లుప్తమనియు, నూఱినదానికి పిష్టమనియు, శలాకకు గ్రుచ్చి కాల్చినదానికి శూల్యమనియు వేఱువేఱు పేళ్లు గలవు. తఱుగుటకును నూఱుటకును గల భేదమును ఇంత నిక్కచ్చిగ గుర్తించినవారు వంటయింటి నెఱిగినవారే గాని కేవలము పుస్తకజ్ఞులు గారు.

చరకసంహితలోని సాక్ష్య మింతకంటె బలవత్తరమని మా యభిప్రాయము. సూత్రస్థానము 27వ అధ్యాయమున వేసవారము గురువనియు, స్నిగ్ధమనియు, బలమును దేహపుష్టిని వృద్ధి చేయుననియు గలదు. వేసవారము సంబారపు పొడియే యైనచో ఈ గుణము లెట్లు పొసగును? మిరియములు తీక్ష్ణములు, రూక్షములు. అట్టివాని పొడి గురువును స్నిగ్ధమును అగుట యసంభవము. కావున చరకుని కాలమునను వైద్యుల వాడుకలో ఈ శబ్దము నూఱి వండిన మాంసమునకే చెల్లెననుట నిశ్చయము. సంబారములు చేర్చి చేయు వంటకము పేరు క్రమముగా ఆ సంబారములకే సంక్రమించి యుండును. లేదా సంబారము పేరే వంటకమునకు వచ్చియుండవచ్చును. ఈ రెంటిలో మేము మొదటిదానివైపే మొగ్గుచున్నాము.

సుశ్రుతుని లక్షణమున ఏ జంతువు మాంసమో చెప్పబడలేదు. అయినను మృగమాంసమునకు ఈ విధానము మిక్కిలి తగియున్నది. చరకుడు పృషత, కురంగ, హరిణ, ఏణ, శంబరాదులను జాంగల మృగములుగ పరిగణించి వాని మాంసము లఘువనినాడు. 25వ అధ్యాయమున మృగమాంసము లన్నిటిలో ఏణమాంసమే మిక్కిలి హితమని నిర్ణయించినాడు. పరుగెత్తి బ్రదుకు జంతువు మాంసమున క్రొవ్వు తక్కువ, పీచు ఎక్కువ. దానిని పెద్ద ముక్కలుగ కోసి చిరకాలము మంటపై నుంచినచో నీరింకి, బిఱుసెక్కి, నమల శక్యము కాకుండును. నూఱుటచే పీచు తెగును. నేయి చేర్చుటచే లేని జిడ్డు వచ్చును. ఉత్తర అమెరికాలో వేటాడి తెచ్చిన జింకమాంసమును ఇండ్లలో యంత్రమున నూఱువారు నేటికిని పందిక్రొవ్వునో ఎద్దుక్రొవ్వునో కలుపుదురు, కారణ మొక్కటే. నూఱినప్పుడు పైభాగమునందలి సూక్ష్మజీవులు లోపలికిని వ్యాపించును గనుక నడిమిభాగము 71 డిగ్రీల సెంటీగ్రేడు వఱకు కాగవలెనని అచ్చటి ప్రభుత్వసూచన. ముందుడికించి నూఱి మరల పక్వము చేయుమను సుశ్రుతుని క్రమమున ఈ భయమున కంతగా తావు లేదు.

లఘువైన మాంసము వేసవారమై గురువగుట విరోధము గాదు. సంస్కారముచే ద్రవ్యమునకు గుణాంతరము కలుగునని చరకుడే విమానస్థానమున ‘కరణ’ మను పేర బోధించినాడు. వంట యనునది ఆయన దృష్టిలో రుచికొఱకు మాత్రము గాదు.

ఏణ మనగా నేది? నల్లనిది ఏణము, రాగిరంగుది హరిణము, రెండును గానిది కురంగమని సుశ్రుతుని విభాగము. నల్లనిది మన ఇఱ్ఱి. కొమ్ములు రాల్చని జాతి. ఏటేట కొమ్ములు రాల్చు దుప్పి, కణుజు వేఱు వంశమువి. ఇఱ్ఱిజాతిలో పోతు నల్లగను, పెంటి ఎఱ్ఱగను నుండును గావున ఏణహరిణములు కొన్ని యెడల ఒక్క జాతి యందలి స్త్రీపుంభేదమే యేమో యని ఊహింప వీలున్నది. తెలుగున ‘జింక’ పదము ఈ రెండు వంశములకును చెల్లుచున్నది: నేడు ఆంధ్రప్రదేశ్ రాష్ట్రజంతువు కృష్ణజింక, అనగా ఇఱ్ఱి, తెలంగాణమున జింక యన్నది చుక్కల దుప్పి.

మధ్యయుగమునకు వచ్చినచో, కల్యాణిచాళుక్యుడైన మూడవ సోమేశ్వరుడు రచించిన మానసోల్లాసము (1129) ముఖ్యసాక్షి. తెలంగాణమును నాటి చాళుక్యరాజ్యమున జేరియుండెను గాన ఇది మనకు పరదేశపు గ్రంథము గాదు. ఇందలి అన్నభోగప్రకరణమున మాంసమును నూఱి, సంబారములు గలిపి, ఉండలు చేసి వేయించుటయు, లోపలి గుజ్జు తీసిన వంకాయలలో గూరి వేయించుటయు గలవు. ఇంగువను నీట గరగించి వాడుట ఆ వంటశాల ప్రత్యేకత. ఎండుమిరపకాయ లేదు, పోర్చుగీసువారి రాక తరువాత గాని మిరప ఈ దేశమునకు రాలేదు. కారమంతయు మిరియములదే, అల్లముదే.

మాళవమునందలి మాండూలో 1500 ప్రాంతమున ఘియాత్ షాహ, నాసిర్ షాహ సుల్తానుల యాస్థానమున వెలసిన పారసీక పాకగ్రంథము నిమత్‌నామా. ఇందు జింకమాంసమే పేరుపెట్టి చెప్పబడినది. సన్నముగ కొట్టిన జింకమాంసమును కుంకుమపువ్వుతో గలిపి, మెంతులతో పరిమళింపజేసిన నేతిలో వేసి, జీలకఱ్ఱ, లవంగములు, ధనియములు, ఇసుమంత కస్తూరి చేర్చి వండి, ఉల్లియు శొంఠియు గలిపి సమోసాలలో గూరుట యందలి విధము. నేయి, శొంఠి సుశ్రుతుని వేసవారమునను గలవు. ఉల్లి, కుంకుమపువ్వు, కస్తూరి అందు లేవు. దీనినిబట్టి ఒకటి రెండవదానికి మూలమనుట సాహసము. ఒక్క మాంసము ఒక్క తీరు సంస్కారమును కోరుట మాత్రము కనబడుచున్నది.

కొట్టిన మాంసమునకు నేడు మన నోట నున్న ‘ఖీమా’ తురుష్కభాషలో తఱుగుట యను ధాతువునుండి పుట్టి పారసీకముద్వారా వచ్చినది. అనగా వేసవారమున నూఱుటయు, ఖీమా యను పేరున తఱుగుటయు ప్రధానము. ఒకటి రాతిది, రెండవది కత్తిది.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమువలన ఇఱ్ఱి వేట మన దేశమున నిషిద్ధమైనది. 1991 సవరణతో దుప్పి మొదలగు తక్కిన జాతులకును ఆ నిషేధము వ్యాపించినది. కనుక ఈ పాకవిధి మేకమాంసము మొదలగువానితో మన యిండ్ల నిలిచియున్నది. ఖీమా ఉండలు చేయు గృహిణి మాంసమును మొదట ఉడికించి, నీరింకించి, పిదప సన్నెకంటిపై నూఱుట సుశ్రుతుని క్రమమే; బెల్లము స్థానమున మాత్రము వేయించిన సెనగపప్పు పొడి వచ్చినది.