ఒకటిన్నర రోజు నడక

బల్ల చుట్టూ కూర్చొని, పాత్రలు పంచుకొని, పాచికలు వేస్తూ ఆడే చరిత్ర ఆటలున్నాయి. ఒకరు ఆట నడుపుతారు, మిగతావారు ఆనాటి మనుషులుగా మాట్లాడతారు. వలసపాలన నాటి అమెరికాను మా పిల్లలతో ఆడించడానికి మేము ఎంచుకున్నది 1737 నాటి పెన్సిల్వేనియా, లెనాపే ఆదివాసుల నేల.

విలియం పెన్ కొడుకులు 1686 నాటిదంటూ ఒక కాగితం చూపారు. మనిషి ఒకటిన్నర రోజులో నడిచినంత నేల తమదని అందులో ఉందన్నారు. లెనాపేల లెక్కలో నడక అంటే ఏటి వెంట, మధ్యలో ఆగి తిని, వేటాడుతూ పోయేది. పెన్‌ల మనుషులేమో ముందే అడవిలో దారి కొట్టించారు. ముగ్గురు గట్టి నడకగాళ్లను కుదుర్చుకొని, ఎక్కువ దూరం పోయినవాడికి 5 పౌండ్లు, 500 ఎకరాలు ఇస్తామన్నారు. సెప్టెంబరు 19న బయలుదేరితే చివరిదాకా నిలిచింది ఎడ్వర్డ్ మార్షల్ ఒక్కడే. 60 మైళ్లు దాటాడు. అక్కడినుంచి డెలావేర్ నదికి గీతను కూడా ఎక్కువ నేల కలిసేలా గీశారు. పోయింది దాదాపు 12 లక్షల ఎకరాలు.

అందుకే ఈ నడకకు పాచికలు వేయించకూడదంటాం. ఇందులో అదృష్టం లేదు. లెనాపే పెద్ద లాపవిన్సో పాత్రధారికి కాగితం చేతికివ్వకూడదు, ఎదుటివారు చదివి చెప్పిందే వినాలి. 1/70 చట్టం ఎందుకొచ్చిందో ఇంట్లో విన్న ఏజెన్సీ పిల్లలకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

1742లో ఇరోక్వా నాయకుడు కనసటేగో, తానూ ఆదివాసీయే, పెన్‌ల పక్షాన నిలిచి లెనాపేలను ఆ నేల విడిచి పొమ్మన్నాడు. ఆ పాత్ర వేయడానికి మా తరగతిలో ఇంకా ఎవరూ ఒప్పుకోలేదు.