విటమిన్ ఇ క్యాప్సూల్స్: ఎవరికి అవసరం, ఎవరికి ప్రమాదం?

మందుల షాపులో చీటీ లేకుండానే దొరికే వాటిలో ఆకుపచ్చ రంగు విటమిన్ ఇ క్యాప్సూల్ ఒకటి. జుట్టు రాలుతోందనో, ముఖంపై మచ్చలు పోతాయనో, పిక్కలు పట్టేస్తున్నాయనో నెలల తరబడి మింగేవాళ్లు చాలామంది. విటమినే కదా, ఎక్కువైతే నష్టమేముంది అన్నది వారి ధీమా. పరిశోధనలు మాత్రం మరోలా చెబుతున్నాయి.

ఏమిటీ విటమిన్?

1922లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో హెర్బర్ట్ ఎవాన్స్, కేథరిన్ బిషప్ ఎలుకలపై ప్రయోగాలు చేస్తూ దీన్ని గుర్తించారు. కొవ్వులో కరిగే ఈ విటమిన్ కణాల పొరలు ఆక్సీకరణతో దెబ్బతినకుండా కాపాడుతుంది. దీనికి ఎనిమిది రూపాలున్నా, శరీరం ప్రధానంగా వాడుకునేది ఆల్ఫా టోకోఫెరాల్‌నే.

ఎంత కావాలి?

భారతీయ పెద్దలకు రోజుకు సుమారు 10 మిల్లీగ్రాములు సరిపోతాయి. అమెరికా ప్రమాణం 15 మి.గ్రా. గుప్పెడు (28 గ్రాములు) బాదం లేదా పొద్దుతిరుగుడు గింజల్లో దాదాపు 7 మి.గ్రా., అంతే వేరుసెనగల్లో సుమారు 2 మి.గ్రా. ఉంటుంది. వంటనూనెలు, ఆకుకూరల నుంచి మరికొంత అందుతుంది.

షాపుల్లో ఎక్కువగా అమ్ముడయ్యే కృత్రిమ రకం 400 మి.గ్రా. క్యాప్సూల్‌లో శరీరానికి పనికొచ్చేది సుమారు 180 మి.గ్రా. అంటే ఒక్క క్యాప్సూల్‌తోనే రోజువారీ అవసరానికి దాదాపు 18 రెట్లు అందుతుంది.

అధ్యయనాలు ఏం తేల్చాయి?

విటమిన్ ఇ క్యాన్సర్‌ను అడ్డుకుంటుందేమో తెలుసుకోవడానికి 2001లో ‘సెలెక్ట్’ అనే భారీ అధ్యయనం మొదలైంది. 35 వేల మందికి పైగా పురుషులు పాల్గొన్నారు. ప్రయోజనం కనిపించకపోవడంతో 2008లో మాత్రలు ఆపేశారు. 2011లో వెలువడిన ఫలితాల ప్రకారం, రోజుకు 400 యూనిట్ల విటమిన్ ఇ మాత్రమే తీసుకున్నవారిలో ప్రొస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువ. గుండెజబ్బులను నివారించే శక్తి దీనికి ఉందని కూడా పెద్ద అధ్యయనాల్లో రుజువు కాలేదు.

ఎవరు జాగ్రత్తపడాలి?

అధిక మోతాదులో విటమిన్ ఇ రక్తం గడ్డకట్టే ప్రక్రియను నెమ్మదింపజేస్తుంది. వార్ఫరిన్, క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్ వాడేవారికి రక్తస్రావం ముప్పు పెరగవచ్చు. శస్త్రచికిత్స, పంటి తీయించుకోవడం వంటివి ఉంటే ఈ క్యాప్సూల్ సంగతి వైద్యుడికి ముందే చెప్పాలి. గర్భిణులకు సి, ఇ విటమిన్ల మాత్రలను ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేయడం లేదు. క్యాప్సూల్‌ను చిదిమి ముఖానికి రాసుకుంటే కొందరికి దురద, దద్దుర్లు వస్తాయి.

ఎవరికి ఉపయోగం?

కొవ్వు సరిగా జీర్ణం కాని వ్యాధులు, కొన్ని అరుదైన జన్యులోపాలు ఉన్నవారికి ఇది నిజంగా అవసరం. మధుమేహం లేని కొందరు ఫ్యాటీ లివర్ రోగులకు పరీక్షల తర్వాత వైద్యులు దీన్ని రాస్తారు. అలాంటప్పుడు మోతాదు, ఎన్నాళ్లు వాడాలన్నది వారే నిర్ణయిస్తారు.

వాడక తప్పనప్పుడు

కొవ్వున్న భోజనంతో తీసుకుంటేనే ఒంటబడుతుంది. మల్టీవిటమిన్ కూడా వాడుతుంటే రెండింటి మోతాదునూ కలిపి లెక్కించాలి. పెద్దలకు గరిష్ఠ పరిమితి అమెరికాలో రోజుకు 1000 మి.గ్రా. కాగా, యూరప్‌లో 300 మి.గ్రా. మాత్రమే. చిగుళ్ల నుంచి రక్తం, అకారణంగా కమిలిన మచ్చలు, నల్లటి మలం కనిపిస్తే మాత్ర ఆపి వెంటనే వైద్యుడిని కలవాలి.