ఒక అంకె కింద ఎన్ని బళ్లారులు?

చోరనూరు గురించి నాలుగు పుటలు రాయబూనితే చేతికి మొదట అందేవి రెండు ఇంగ్లీషు పుస్తకాలు: 1872 నాటి కెల్సాల్ బళ్లారి జిల్లా మాన్యువల్, 1904 నాటి ఫ్రాన్సిస్ గెజెటీరు. వాక్యం చివర ఒక అంకె వేసి, పుట అడుగున రెంటినీ చేర్చి, నడుమ సెమికోలన్ పెడితే పాదసూచిక సిద్ధం. చిక్కంతా ఆ సెమికోలన్‌లోనే ఉంది.

కెల్సాల్ నాటి బళ్లారిలో అనంతపురం కూడా ఉండేది; 1882లో విడిపోయింది. ఫ్రాన్సిస్ నాటి బళ్లారిలో ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఉన్నాయి; 1953లో అవి ఆంధ్రకు పోగా మిగిలింది మైసూరులో చేరింది. చోరనూరు నేడు సండూరు తాలూకాలోది. ఆ సండూరు పేరిట 1949 దాకా ఒక సంస్థానమే వేరుగా ఉండేది. 2021లో హోస్పేట, హంపీ విజయనగర జిల్లాకు వెళ్లాయి. ఇన్ని బళ్లారుల జనాభా లెక్కలను ఒకే అంకె కింద గుదిగుచ్చితే తెలుగువాళ్లు తరిగిపోయారనిపిస్తుంది. నిజానికి జరిగింది గీత. సరిహద్దున బతికే మనకు ఇది ముద్రణ తంటా మాత్రమే కాదు.

తొంభైలలో పేజ్‌మేకర్‌లో కూర్చిన వ్యాసాలకు ఈ అంకెలు చేత్తో పైకెత్తినవే. మధ్యలో ఒకటి చేరిస్తే కిందివన్నీ దిద్దాలి. కెల్సాల్ కింద నేను "పైదే" అని రాసుకున్న సూచికకు ముందు, చివరి నిమిషంలో ఫ్రాన్సిస్‌ను ఇరికించాను. కెల్సాల్ మాట ఫ్రాన్సిస్ నోట పలికింది. అప్పటినుంచి "పైదే" మానేశాను. పేరు పొట్టిగా మళ్లీ రాస్తాను.

వర్డ్‌లో ఫుట్‌నోట్ ఆదేశంతో వేసిన అంకెల వరస తానే సర్దుకుంటుంది. 2006లో వచ్చిన జొటెరో ఒకే అంకె కింద ఎన్ని పుస్తకాలైనా చేరుస్తుంది. ఒక్కొక్కదానికి పుటసంఖ్య, ముందుమాట, వెనుకమాట రాసుకునే గడులు కూడా ఇస్తుంది. (ఆ గడుల్లోనే రాయాలి, పుట మీద చేత్తో దిద్దింది తర్వాత చెరిగిపోవచ్చు.) ఆ గడులను మనవాళ్లు ఖాళీగా వదిలేస్తారు. కెల్సాల్ పక్కన "అనంతపురంతో కలిపి", ఫ్రాన్సిస్ పక్కన "ఆదోని ఉన్నప్పటిది" అని రాయడానికి అంతకంటే మంచి చోటు లేదు.

శాసనాల దగ్గర ఇంకో మెలిక. దక్షిణ భారత శాసనాల 9వ సంపుటంలో బళ్లారి ప్రాంతపు కన్నడ శాసనాలున్నాయి. వాటికి శాసనశాఖ వార్షిక నివేదికలో వేరే సంఖ్య ఉంటుంది. రెంటినీ సెమికోలన్‌తో కలిపితే ఒకే రాయి రెండు సాక్ష్యాలవుతుంది. యంత్రం దాన్ని పట్టుకోలేదు. అక్కడ "అదే శాసనం" అని మనమే రాయాలి.