ఎడ్లబండి మీద ఊరికొచ్చే విత్తనాల జాతర

వ్యవసాయ ప్రదర్శన అంటే మనం బస్సెక్కి పట్నం పోయి చూసొచ్చేది. జహీరాబాద్ దిక్కు మాత్రం ప్రదర్శనే ఊరికొస్తది. దాని పేరు పాత పంటల జాతర.

1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. పేదోళ్ల కడుపు నిండింది, కాదనలేం. కానీ జొన్న రొట్టె తినే ఇళ్లల్లో బియ్యం చేరేసరికి జొన్న, కొర్ర, సామ చేన్లు తగ్గుతూ వచ్చినయ్. వెయ్యని పంటకు విత్తనం ఎవరు దాస్తారు?

ఆ ఏడాదే పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మొదలైంది. దాని మహిళా సంఘాల్లో ఎక్కువమంది చిన్నకారు దళిత రైతులు. పోతున్న విత్తనాలను వాళ్లే వెతికి తెచ్చి, బూడిద, వేపాకు కలిపి బుట్టల్లో దాచారు.

దాచింది పదిమందికీ చూపాలని జాతర పెట్టారు. మొదలై రెండు దశాబ్దాలు దాటింది. సంక్రాంతికి ఎడ్లబండ్లు అలంకరించి, తీరు తీరు విత్తనాలు పెట్టుకుని, డప్పులతో, పాటలతో నెల రోజులు ఊరూరూ తిరుగుతారు. ఆగిన ఊళ్లో రైతులతో కూర్చుని పంటల ముచ్చట పెడతారు.

2019లో ఈ సంఘాల పనికి ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి దక్కింది. 2023 మార్చిలో సొసైటీని నడిపించిన పి.వి. సతీష్ గారు పోయారు. అయినా జాతర ఆగలేదు. బండి మీది విత్తనం ఆ ఆడోళ్ల చేన్లల్లో ఏటా పండేది కదా. చేను ఆగితేనే బండి ఆగుతది.

మా అమ్మ దాచిన పచ్చజొన్నను నేను పోగొట్టుకున్న. మీ ఇంట్ల గింజ ఉంటే ఈ వానాకాలం రెండు సాళ్లన్నా వెయ్యండి.