వెదురు సైకిలూ, పామర్రు బురదా

వెదురుతో సైకిలు అనగానే, ఈమధ్య పర్యావరణం మీద ప్రేమ పుట్టుకొచ్చిన అమెరికావాళ్ల ఫ్యాషన్ అనుకుంటాం. నిజానికి దాని వయసు నూట ముప్పై ఏళ్లు.

1885లో రోవర్ సేఫ్టీ సైకిలు వచ్చింది. దాదాపు సమానమైన రెండు చక్రాలు, వెనక చక్రానికి చెయిను. అంటే ఇవాళ మనం సైకిలు అంటున్న వస్తువు. 1888లో డన్‌లప్ గాలి టైరు వచ్చాక ఇంగ్లండులో, అమెరికాలో సైకిలు పిచ్చి పట్టుకుంది. మన డాట్‌కాం రోజుల్లాగే అన్నమాట, సందుకో కంపెనీ, మనిషికో పేటెంటు. ఆ హడావుడిలోనే 1894లో లండన్‌లో బాంబూ సైకిల్ కంపెనీ వెదురు సైకిళ్లని జనం ముందు పెట్టింది. ఆ దశాబ్దంలోనే ఆస్ట్రియాలో, తుపాకుల తయారీకి పేరుపడ్డ ఫెర్లాఖ్ ఊళ్లో, గ్రుండ్నర్, లెమిష్ అనేవాళ్లు కూడా చేశారు.

వీళ్లంతా చేసిన పని ఒకటే. ఉక్కు గొట్టాల బదులు వెదురు బొంగులు, మూలల్లో మాత్రం లోహపు సాకెట్లు. చిక్కంతా అక్కడే వచ్చింది. వెదురు ఎండేకొద్దీ కుంచించుకుంటుంది, వానకి ఉబ్బుతుంది. ఉక్కు ఆ పని చెయ్యదు. ఇద్దరికీ పడక జాయింటు వదులవుతుంది. ఇంకోటి, వెదురుని పొడుగునా లాగితే తెగదు గానీ నిలువునా చీల్చితే ఇట్టే లొంగిపోతుంది. మేదరవాళ్ల బతుకంతా ఆ గుణం మీదే నడిచింది. ఫ్రేముకి సరిగ్గా ఆ గుణమే శత్రువు. ఈలోగా ఉక్కు గొట్టాలు మెరుగైపోయాయి. చివర్లు మందంగా, మధ్యలో పల్చగా ఉండే గొట్టానికి 1897లో ఇంగ్లండులో రేనాల్డ్స్ పేటెంటు తీసుకున్నాడు. ఆ దశాబ్దం ముగిసేసరికి సైకిలు బూమూ చప్పబడింది, వెదురు సైకిలూ మూలపడింది.

సరే, ఇప్పుడు పామర్రు వద్దాం. బెజవాడ నుంచి బందరు పోయే రోడ్డూ, గుడివాడ మీదుగా భీమవరం వైపు పోయే రోడ్డూ కలిసే చోటు. 1855లో కృష్ణ ఆనకట్ట పూర్తయ్యాక ఈ ప్రాంతమంతా కాలవలు, కాలవ గట్లు. ఎత్తూ పల్లం లేని నేల, గట్టు మీద దారి. సైకిలుకి ఇంతకంటే స్వర్గం ఉంటుందా? ఉంటుంది, వానాకాలం రాకపోతే. రేగడి బురద మడ్‌గార్డులో ఇరుక్కుంటే చక్రం తిరగదు. అప్పుడు మనం సైకిలెక్కడం కాదు, సైకిలే మన భుజమెక్కుతుంది :) తేలికైన ఫ్రేము విలువ ఆ బురదలో నడిచినవాడికి తెలిసినంతగా లండన్ షోకిలారాయుళ్లకి తెలియదు.

మరి వెదురు మనకి కొత్తా? నిచ్చెన, కావడి బద్ద, చేట, తట్ట, పందిరి, ఆఖరికి పాడె కూడా వెదురే. కావడి బద్దని గమనించండి. నడకతో పాటు ఊగుతూ, అదురుని తనే మింగేసి, భుజానికి బరువు తెలియనివ్వదు. వెదురు సైకిలు తొక్కినవాళ్లు ఇవాళ గొప్పగా చెప్పే సంగతి కూడా అదే, రోడ్డు అదురు చేతులకి రాదని.

పాత జాయింటు సమస్యకి జవాబు వందేళ్ల తర్వాత దొరికింది. 1990లలో కాలిఫోర్నియాలో క్రెయిగ్ కాల్ఫీ అనే కార్బన్ సైకిళ్ల తయారీదారుడు, తన కుక్క కొరికినా విరగని వెదురు కర్రని చూసి ప్రయోగం మొదలుపెట్టాడట. ఆయన సాకెట్లు తీసేసి, నారని ఎపాక్సీ రెజిన్‌లో తడిపి బొంగుల చుట్టూ కట్టు కట్టాడు. విరిగిన కాలికి కట్టినట్టు. ఆ పద్ధతి 2000లలో ఘనా దాకా వెళ్లింది. కొలంబియా యూనివర్సిటీ వాళ్లు అక్కడ ఊళ్లలో ఈ సైకిళ్లు చేయించే ప్రాజెక్టు నడిపారు. మన దేశంలో పూణేలో చేసినవాళ్లున్నారు.

నార అంటే మనకి జనుము, గోగు. వరి కోశాక ఆ చేలల్లోనే జనుము చల్లే ప్రాంతం మనది. వెదురు గోదావరి ఏజెన్సీలో ఉంది, చీల్చే చెయ్యి మేదరపేటలో ఉంది. అన్నీ ఉన్నా ఇక్కడ వెదురు సైకిలు ఎందుకు పుట్టలేదు?

ఒక కారణం సైకిలు షాపు. మన నల్ల సైకిలు 75 కిలోల వడ్ల బస్తా, పాల క్యాన్లు, ముందు ఒక పిల్లాడు, అన్నీ మోస్తుంది. వంగితే బెండు తీస్తారు, విరిగితే గ్యాసు వెల్డింగు పెడతారు, ఏ ఊరి షాపులోనైనా స్పేరు దొరుకుతుంది. వెదురు ఫ్రేముకి ఈ సపోర్టు లేదు. పైగా కాల్ఫీ ఫ్రేము ధర వేల డాలర్లు.

కానీ నాకు అసలు కారణం అనిపించేది వెదురు ఎవరిదన్న ప్రశ్న. వృక్షశాస్త్రం వెదురుని గడ్డి అంటుంది. 1927 నాటి భారత అటవీ చట్టం చెట్టు అంది. చెట్టయితే కొట్టడానికీ, తరలించడానికీ పర్మిట్లు కావాలి. అదే వెదురు పేపరు మిల్లులకి మాత్రం లారీల మీద వెళ్లింది. కర్ణాటకలో మిల్లులకి నామమాత్రపు ధరకీ, బుట్టలల్లేవాళ్లకి బజారు ధరకీ వెదురు దొరికిన తీరుని మాధవ్ గాడ్గిల్ వివరంగా రాశాడు. రాజమండ్రి, కాగజ్‌నగర్ మిల్లులు కూడా చాలాకాలం వెదురు మీదే నడిచినవి. బొంగు దొరకని చేతికి కొత్త వస్తువు చేసి చూసే తీరిక ఎక్కడిది?

అడవి బయట పెంచిన వెదురుని చెట్ల జాబితాలోంచి తీసింది 2017లో. దానికి ముందే, 2006 అటవీ హక్కుల చట్టం అడవిలోని వెదురుని చిన్న అటవీ ఉత్పత్తిగా లెక్కేసి హక్కు ఇచ్చింది. గడ్చిరోలి జిల్లాలోని మెండా లేఖా అనే గోండు గ్రామం 2011లో ఆ హక్కుతో తన వెదురు తనే అమ్ముకుంది. అయితే ఆ హక్కు అడవిలో ఉండేవాళ్లది. డెల్టా ఊళ్లలో రోడ్డు పక్కన బుట్టలల్లే మేదరవాళ్లు దాని లెక్కలోకి రారు. వాళ్లు ఇప్పటికీ బొంగు కొనుక్కునే తట్ట అల్లాలి.